కోతయంత్రం - ఒక గుంజ తగవు

అమెరికాలో 1793 చట్టం కింద పేటెంటుకు పరీక్ష లేదు. 30 డాలర్లు కట్టి కాగితాలు దాఖలు చేస్తే చాలు. కొత్తదో కాదో కోర్టులే తేల్చాలి. కోతయంత్రాలకు 1833లో ఒబెడ్ హస్సీ, 1834లో సైరస్ మెకార్మిక్ పేటెంట్లు పొందినది ఆ పద్ధతిలోనే.

1836 చట్టంతో పరీక్షాధికారి వచ్చారు. తన కొత్తదనం ఎందులో ఉందో దరఖాస్తుదారు విడదీసి చెప్పవలసి వచ్చింది. మెకార్మిక్ 1845 పేటెంటులో అడిగిన హక్కుల్లో ఒకటి, పైరును కత్తిమీదికి వంచే తిరుగుడు చక్రాన్ని మోసే గుంజ ఎక్కడ నిలపాలన్నది. జాన్ మానీపై వేసిన దావాలో ఆ గుంజ కూడా వివాదాంశమైంది. మానీ వకీళ్ళలో అబ్రహాం లింకన్ ఉన్నా, వాదించే అవకాశం రాలేదు. మానీ అమరిక వేరని 1856లో న్యాయమూర్తి మెక్లీన్ తీర్పు చెప్పారు. సుప్రీంకోర్టు దానినే ఖాయపరచింది.

ఫైలులో ఒక్క మాటకు ఎంత బరువుంటుందో మన సభ్యులకు వేరే చెప్పాలా!