డ్రైవరు పని గంటలు: చట్టం, గడియారం, సాక్ష్యం

1. పరిచయం

కర్నూలు–కడప జాతీయ రహదారి మీద ఆళ్ళగడ్డలో దిగి నల్లమల వైపు మళ్ళితే దిగువ అహోబిలం చేరుకుంటాం. మీరు ఎప్పుడైనా అటు వెళ్తే, రాత్రి పది దాటాక ఆళ్ళగడ్డ దగ్గర రహదారి పక్కన కాసేపు నిలబడి చూడండి. నాపరాళ్ళ లారీలు, సిమెంటు బండ్లు, తిరుపతికి వెళ్ళివచ్చే యాత్రికుల బస్సులు ఒకదాని వెంట ఒకటి పోతుంటాయి. ఆ బండి ఎంత బరువు మోస్తోందో చెప్పే కాగితం డ్రైవరు దగ్గర ఉంటుంది. అతను ఎన్ని గంటలుగా నడుపుతున్నాడో చెప్పే కాగితం ఉంటుందా? ఈ పాఠంలో మనం పరిశీలించబోయేది ఆ ప్రశ్న వెనుక ఉన్న చరిత్రనే.

2. ఎద్దుల బండి కాలం

మోటారు రాకముందు రాయలసీమలో సరుకు ఎద్దుల బండ్ల మీద, లంబాడీల పెరికె ఎద్దుల మీద కదిలేది. ఎద్దుకు నీళ్ళు, మేత, నీడ కావాలి. అది అలసిపోతే ప్రయాణం ఆగిపోయేది. రాత్రిపూట బండివాడు కునుకు తీసినా ఎద్దులు దారి తప్పకుండా నడిచేవి. అహోబిల నరసింహస్వామి పారువేటను గుర్తు తెచ్చుకోండి. సంక్రాంతి వేళ బయలుదేరిన పల్లకి దాదాపు నలభై రోజులు ముప్పైకి పైగా ఊళ్ళు తిరుగుతుంది. ప్రతి ఊళ్ళోనూ ఆగుతుంది. నడిచే కాళ్ళ ప్రయాణంలో విశ్రాంతి ఒక భాగమే.

ఇంజను ఈ పద్ధతిని మార్చింది. దానికి అలసట లేదు. డీజిలు పోస్తే నడుస్తూనే ఉంటుంది. అలసేది స్టీరింగు పట్టుకున్న మనిషి ఒక్కడే. అతను కునుకు తీస్తే దారి చూసే ఎద్దులు ముందు లేవు. కాబట్టి ఎప్పుడు ఆగాలో చట్టం చెప్పవలసి వచ్చింది.

3. చట్టం పుస్తకంలో గంటలు

మన దేశంలో 1914 నాటి మోటారు వాహనాల చట్టం ప్రధానంగా రిజిస్ట్రేషను, లైసెన్సుల గురించే మాట్లాడింది. పని గంటల పరిమితి 1939 చట్టంలోని 65వ సెక్షనులో కనిపిస్తుంది. ఐదు గంటల పనికి ఒకసారి అరగంట విశ్రాంతి, రోజుకు తొమ్మిది గంటలు, వారానికి యాభై నాలుగు గంటలు అన్నది ఆ నియమం.

స్వాతంత్ర్యం తర్వాత 1961లో మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. అది పరిమితిని రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలుగా నిర్ణయించింది. దూర ప్రయాణాలకు, పండుగ రోజులకు అనుమతితో 10 గంటలు, 54 గంటల వరకు సడలింపు ఇచ్చింది. ఒక రోజు పనికీ మరుసటి రోజు పనికీ మధ్య కనీసం తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 91వ సెక్షను ఈ గంటలనే అంగీకరించింది. 2020లో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 1961 చట్టాన్ని తనలో కలుపుకొంది.

ఇక్కడ రెండు విషయాలు గమనించండి. మొదటిది, 1961 చట్టం ఐదుగురు లేదా అంతకు మించి కార్మికులున్న సంస్థలకే వర్తించింది. మన లారీ రంగంలో ఒకటి రెండు బండ్ల యజమానులే ఎక్కువ. రెండోది, 91వ సెక్షను ముందుగా నిర్ణయించిన పని గంటలను నమోదు చేయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. నిర్ణయించిన గంటలు వేరు, నిజంగా నడిపిన గంటలు వేరు. పైగా, పని లేకపోయినా బండి దగ్గరే ఉండవలసిన సమయాన్ని ఏ పరిస్థితుల్లో విశ్రాంతిగా లెక్కించవచ్చో నిర్ణయించే వీలు కూడా అదే సెక్షనులో ఉంది. లోడు కోసం ఎండలో కాచుకున్న డ్రైవరును అడిగితే అది విశ్రాంతో కాదో అతనే చెబుతాడు.

4. ఐరోపాలో టాకోగ్రాఫ్

ఐరోపా ఆర్థిక సమాజం 1969లో డ్రైవింగు గంటల నియమాలు చేసింది. మరుసటి ఏడాదే, 1970లో, టాకోగ్రాఫ్ గురించి నియమం తెచ్చింది. నియమమూ దానికి సాక్ష్యమూ దాదాపు కలిసే వచ్చాయన్నమాట. టాకోగ్రాఫ్ అంటే ఇరవై నాలుగు గంటలు గుర్తించిన గుండ్రటి కాగితం మీద బండి వేగాన్ని, దూరాన్ని, డ్రైవరు పనినీ విశ్రాంతినీ సన్నని ములుకుతో గీసే యంత్రం. ఎవరి కాగితం వారిదే, దాని మీద డ్రైవరు పేరు ఉంటుంది. 2006 మే నుంచి కొత్త బండ్లలో డిజిటల్ టాకోగ్రాఫ్ వచ్చింది. కాగితానికి బదులు డ్రైవరు సొంత కార్డు పెట్టాలి.

దీన్ని అందరూ స్వాగతించలేదు. బ్రిటన్ డ్రైవర్లు దాన్ని క్యాబులో కూర్చున్న గూఢచారి అన్నారు. బ్రిటన్ ప్రభుత్వం అమలును తాత్సారం చేస్తే 1979లో ఐరోపా న్యాయస్థానం తప్పుపట్టింది. అయితే అదే కాగితం యజమాని ఒత్తిడికి సాక్ష్యంగా కూడా నిలుస్తుంది. ఇప్పటి ఐరోపా నియమం ప్రకారం నాలుగున్నర గంటలు నడిపాక 45 నిమిషాల విరామం తప్పనిసరి. రహదారి భద్రతకు ముప్పు తెచ్చేలా, నడిపిన దూరాన్ని బట్టి డ్రైవరుకు డబ్బు ఇవ్వడాన్ని కూడా ఆ నియమం నిషేధించింది.

5. మన రహదారుల మీద

2021 ఫిబ్రవరి 14 తెల్లవారుజామున కర్నూలు జిల్లా వెల్దుర్తి మండలం మాదార్‌పురం దగ్గర ఒక టెంపో వాహనం డివైడరు దాటి లారీని ఢీకొంది. మదనపల్లె నుంచి అజ్మీరు యాత్రకు బయలుదేరిన 14 మంది మరణించారు. డ్రైవరు నిద్రమత్తులో ఉండవచ్చని అప్పట్లో అనుమానించారు. ఇలాంటి సందర్భాల్లో అనుమానమే మిగులుతుంది. ఎన్ని గంటలు నడిపాడో చూపే రికార్డు ఉండదు. డ్రైవరు బతికి ఉంటే కేసు అతని మీద పడుతుంది. ఆ ప్రయాణం ఎవరు, ఎంత గడువు పెట్టి నిర్ణయించారన్న ప్రశ్న వెనక్కి పోతుంది.

1958లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థలో డిపో, డ్యూటీ చార్టు, లాగ్ షీటు, కార్మిక సంఘం ఉన్నాయి. కాబట్టి గంటల గురించి వాదించడానికి ఆధారం ఉంది. ట్రిప్పుకింత అని డబ్బు, బత్తా తీసుకునే లారీ డ్రైవరుకు ఆ ఆధారం లేదు. ఆగితే అతని సంపాదనే తగ్గుతుంది.

2019 జనవరి నుంచి కొత్త ప్రజా రవాణా వాహనాలకు స్థానాన్ని చూపే పరికరం తప్పనిసరి అయింది. అది బండి ఎక్కడుందో చెబుతుంది. నడుపుతున్నది ఎవరో, ఎప్పుడు నిద్రపోయాడో చెప్పదు.

6. సారాంశం

పని గంటల నియమం మనకు కొత్తది కాదు. 1939 నుంచీ ఉంది. కొరవడినవి రెండు: నడిపిన గంటలకు నమ్మదగిన సాక్ష్యం, ఆగినా కూలి తగ్గని జీతం. మొదటిది మాత్రమే తెస్తే యంత్రం డ్రైవరును పట్టించడానికే పనికివస్తుంది. రెండూ కలిస్తేనే అది అతన్ని కాపాడుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 1939, 1961 చట్టాల్లోని పని గంటల పరిమితులను పోల్చండి.
2. నిర్ణయించిన గంటల నమోదుకూ నడిపిన గంటల నమోదుకూ తేడా ఏమిటి?
3. మీ ఊరి లారీ లేదా బస్సు డ్రైవరు ఒకరితో మాట్లాడి, అతని ఒక రోజు పనినీ విశ్రాంతినీ గంటల వారీగా రాయండి. అది చట్టంలోని పరిమితికి ఎంత దూరంలో ఉందో చర్చించండి.