ఆఫ్రికాఖండమున మెదడువైద్యము

1953వ సంవత్సరమున ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆఫ్రికావాసుల మనస్సును గుఱించి యొక గ్రంథమును ప్రకటించెను. దానిని వ్రాసినవాడు కెరోథర్స్ అను ఆంగ్లవైద్యుడు. కెన్యాదేశమున నైరోబీ నగరమందలి మథారి పిచ్చియాసుపత్రికి నతడు చాలకాలము అధికారిగా నుండెను. ఆఫ్రికావాసి తన మెదడు ముందరి భాగమును సరిగా నుపయోగింపడనియు, శస్త్రచికిత్సచేత ఆ భాగపు నరములు తెగగోయబడిన యూరోపీయ రోగికిని ఆరోగ్యవంతుడగు ఆఫ్రికావాసికిని పోలిక గలదనియు నతని వాదము. అంతకు పూర్వమే, 1934లో, వింట్ అను మఱియొకడు కెన్యావాసుల మెదళ్ళను పరీక్షించి, పైపొరల మందమును గొలిచి, అవి యూరోపీయుల మెదళ్ళకంటె తీసికట్టని ప్రకటించియుండెను. కొలబద్ద చేతిలోనిది, తీర్పు మాత్రము కొలతకు ముందే మనస్సులో నుండినది.

పాతగాయమును రేపుటకై మే మీ మాట నెత్తుకొనలేదు. ఆఫ్రికాలో మెదడువైద్యము, తక్కిన వైద్యములవలె, కేవలము రోగమును మాన్పుటకు మాత్రమే పుట్టలేదు. ఒక అపవాదునకు బదులు చెప్పవలసిన భారము కూడ దాని నెత్తిపై బడెను. ఆ సంగతి తెలిసిననే గాని, తరువాత దేశదేశముల పండితులు అచ్చటివారితో చేతులు కలిపిన చరిత్ర మనకు బోధపడదు.

బదులు చెప్పినవారిలో ముఖ్యుడు థామస్ అడెయోయె లాంబో. ఆయన 1923లో నైజీరియాదేశపు అబెయొకూటా పట్టణమున జన్మించెను. బర్మింగ్‌హామున వైద్యమును, లండనున మానసికవైద్యమును అభ్యసించి, 1954లో స్వస్థలమునకు వచ్చి, ఆరో యనుచోట స్థాపింపబడుచున్న మానసిక వైద్యశాలకు నాయకుడయ్యెను. కట్టడములు పూర్తికాలేదు, రోగులు వచ్చుచుండిరి. ఆయన గోడలు లేచువఱకు వేచియుండక, చుట్టుపట్ల గ్రామముల పెద్దలతో మాటలాడి, రోగులను ఆ గ్రామముల యిండ్లలోనే బసచేయించెను. ప్రతి రోగితోడను ఒక బంధువు, తల్లియో అక్కయో భార్యయో, వచ్చి వంటచేసిపెట్టి, పగలు ఆసుపత్రికి తోడ్కొనిపోవలెను. ఇండ్లవారికి అద్దె ముట్టెను. నాటువైద్యులను గూడ ఆయన తరిమివేయక కూర్చుండబెట్టుకొని ఆలోచన యడిగెను. మనలో మతి చలించినవారిని వెనుకటి గదిలో దాచి, చుట్టములు వచ్చినప్పుడు తలుపు గడియపెట్టు కుటుంబము లెన్నియో కలవు. అట్టి మనకు, ఊరే ఆసుపత్రి యైన యీ ఏర్పాటు వింతగా దోచకమానదు.

1961లో ఆఫ్రికాఖండపు మానసికవైద్యుల ప్రథమ మహాసభ ఆ అబెయొకూటాలోనే జరిగెను. ఆ యేడే అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమునుండి అలెగ్జాండర్ లైటన్ అను పండితుడు తన బృందముతో వచ్చి లాంబోతో గలిసి యొరూబా గ్రామములను పరీక్షించెను. వారు తమ దేశపు రోగముల పట్టికను తెచ్చి యిచ్చటివారికి తొడుగుటతో తృప్తిపడలేదు. ఏది వెఱ్ఱి, ఏది వెతయని మీరనుకొందురని యొరూబావారినే ప్రశ్నించిరి. అడుగువాడొకడు, అడుగబడువాడొకడు అను పాతపద్ధతి ఇచ్చట కొంత సడలెను. లాంబో తరువాత ప్రపంచ ఆరోగ్య సంస్థకే ఉపాధ్యక్షపదవి వహించెను. కెరోథర్స్ గ్రంథమును ప్రకటించిన సంస్థయే యది!

ఇక శస్త్రచికిత్స. లతుండె ఒడెకు అను నైజీరియావాసి 1927లో ఆవె గ్రామమున జన్మించి, అమెరికాలో హోవర్డు విశ్వవిద్యాలయమున వైద్యము చదివి, మిషిగన్‌లో ఎడ్గార్ కాన్ కడ మెదడు శస్త్రచికిత్స నేర్చి, 1962లో ఇబాదాన్ నగరమునకు వచ్చెను. నైజీరియావారిలో మొట్టమొదటి మెదడు శస్త్రవైద్యు డాయనయే. ఇబాదాన్ కళాశాల 1948లో లండన్ విశ్వవిద్యాలయపు అండన పుట్టి, 1962లో స్వతంత్ర విశ్వవిద్యాలయమైనది. ఆసుపత్రి తెఱచి అప్పటికి ఐదేండ్లు. అమెరికాలో నుండిపోయినచో కీర్తిధనములకు కొఱత యుండెడిది కాదు. ఆయన వచ్చి, రోగులను జూచుచు, శిష్యులను దిద్దుచు, నడుమ నడుమ కవిత్వము గూడ వ్రాసి అచ్చువేయించెను. 1974లో, నలువదియేడేండ్లకే, లండనున మరణించెను. ఆయన తరువాత ఇబాదానులో ఆ విద్యను నిలిపినవారిలో నొకడగు అడెలొలా అడెలోయె తదుపరి మలావీదేశపు వైద్యకళాశాలకు ఆచార్యుడై వెళ్ళెను. విద్య సముద్రములు దాటి వచ్చుటయే గాక ఆఫ్రికాలోనే యొకదేశమునుండి మఱియొక దేశమునకు నడచుట యిదియే. పత్రికలకు సముద్రయానమే కనబడును గాని యీ నడక అంతగా కనబడదు.

ఇబాదానులోనే బెంజమిన్ ఒసుంతొకున్ అను నరములవైద్యుడు వేఱొక దారి త్రొక్కెను. 1960ల దశాబ్దమున నైజీరియా నైరృతిభాగపు కొన్ని గ్రామములందు పెక్కుమంది అరికాళ్ళు మండుచున్నవనియు, నడచునప్పుడు తూలుచున్నామనియు, చూపు మందగించుచున్నదనియు, వినికిడి తగ్గినదనియు మొఱపెట్టుచుండిరి. ఆయన ఆసుపత్రిలో కూర్చుండి రోగులకై చూడక, ఆ గ్రామములకు పోయి, కామెరూనుదేశపు వైద్యుడు మొనెకొస్సో మొదలగువారితో గలిసి, ఇంటింట ఏమి తినుచున్నారో విచారించెను. విచారణ చివరకు కఱ్ఱపెండలముకడకు వచ్చి నిలిచెను. ఆ దుంపలో సహజముగా సైనైడు విషము నిచ్చు పదార్థ మొకటి గలదు. చక్కగా నానబెట్టి, పులియబెట్టి, ఆఱబెట్టినచో నది పోవును. లేనిచో కొంత మిగులును. ఏండ్ల తరబడి అట్టి పిండినే తిను పేదవాని నరములను ఆ మిగిలినది తొలుచునని ఆయన సిద్ధాంతము. దానిని గుఱించి పండితులలో వాదములు తీఱలేదు. ఐనను రోగికి మందడుగుటకు ముందు వానియింటి వంటకుండను జూడవలెనను పాఠము ఆ గ్రామములలోనే స్థిరపడెను.

ఒసుంతొకున్ తన కడపటి యేండ్లలో మఱియొక గొప్ప పనికి పూనుకొనెను. 1992లో ఇబాదాన్ వైద్యులును, అమెరికాలో ఇండియానా విశ్వవిద్యాలయపు హ్యూ హెండ్రీ మొదలగువారును గలిసి, ఇబాదానులోని ఇదికాన్ పేటయందలి యొరూబా వృద్ధులను, ఇండియానాపొలిస్ నగరమందలి నల్లజాతి వృద్ధులను ఒకే ప్రశ్నలతో, ఒకే పద్ధతితో పరీక్షింపసాగిరి. ఒసుంతొకున్ 1995లో మరణించెను గాని పని ఆగలేదు. 2001లో ఫలితములు వెలువడెను. మతిని హరించు వ్యాధి యేటేట క్రొత్తగా సోకువారు ఇండియానాపొలిస్‌లో నూటికి 3.24 కాగా, ఇదికాన్‌లో 1.35 మాత్రమే. ఆల్జిమర్ వ్యాధి యొక్కటియే లెక్కించినను 2.52కు 1.15. రక్తసంబంధము దూరమున గల రెండు సమాజముల నడుమ నింత భేద మేల? తిండియా, నడకయా, రక్తపుపోటుయా? కారణము లింకను వెదకబడుచునే యున్నవి. మేము గమనింపదలచిన దొక్కటి. ఇంత సూక్ష్మమైన లెక్క తేలుటకు ఇదికాన్ పేటలో ఇంటింటికి తిరిగి, ముసలమ్మలను యొరూబాభాషలో పలుకరించి, నవ్వించి, ప్రశ్నల కుత్తరములు రాబట్టిన స్థానికుల చాకచక్యమే ఆధారము. అమెరికానుండి ధనమును యంత్రములును రావచ్చును. ఆ పలుకరింపు రాదు.

ఐనను మన మొక చేదునిజమును దాచరాదు. సీమకు బోయి చదివినవారిలో తిరిగి రానివారు పెక్కురు. తెలుగునాట వైద్యము చదివి సముద్రముల కావల స్థిరపడినవారి సంఖ్య మనకు దెలియనిది కాదు గనుక, ఈ విషయమున ఆఫ్రికావారిని నిందించు నధికారము మనకు లేదు. పరదేశముల ప్రయోగశాలలలో లక్షలు విలువచేయు యంత్రములతో పని నేర్చినవానికి, స్వదేశమునకు రాగా దీపమైన నిలుకడగా వెలుగదు. నేర్చిన విద్య చేతిలోనే తుప్పుపట్టును. దీనికి కొందఱు యువశాస్త్రజ్ఞులు చక్కని యుపాయము గనిపెట్టిరి. అరటిపండు మాగినప్పుడు మన వంటింట ముసరు చిన్న యీగలు గలవు గదా. నరముల పనిని, వంశపారంపర్యమును పరీక్షించుటకు వానికి మించిన ప్రాణి చౌకలో దొరకదు. ఒక సీసా, కొంత పిండితిండి, ఒక సూక్ష్మదర్శిని యుండిన చాలును. ఉగాండాదేశమున ఇషాకా పట్టణమందలి విశ్వవిద్యాలయమున 2011 ప్రాంతమునుండి, ఐరోపా ఆఫ్రికా శాస్త్రజ్ఞులు గలిసి ఈ యీగలతో నాడీశాస్త్రమును బోధించు తరగతులు నడపిరి. విద్యార్థిని సీమకు గొనిపోవుటకు మాఱుగా విద్యనే వానియూరికి దెచ్చుట యిది. ఆఫ్రికా నాడీశాస్త్రజ్ఞుల సంఘము 1993లోనే ఏర్పడియుండెను. సంఘము పెట్టుటకంటె ఈగలను పెంచుటయే కష్టమని మా యభిప్రాయము.

కఱ్ఱపెండలమును మఱల తలపెట్టవలసియున్నది. మనకు నది క్రొత్తది కాదు. గోదావరి మండలపు మెరకచేలలో పండి, పెద్దాపురము సామర్లకోట ప్రాంతముల మిల్లులలో సగ్గుబియ్యమై మన పండుగ పాయసములోనికి వచ్చును. అట్లు కడిగి, వడగట్టి, వేయించుటలో దాని విషము పోవును. కాంగోదేశమున నది పాయసము కాదు, మూడుపూటల కూడు.

1938లో బెల్జియమువారి యేలుబడిలోని కాంగోలో ట్రోల్లి యను వైద్యుడు ఒక వింత వ్యాధిని వర్ణించెను. రాత్రి ఆరోగ్యముతో బండుకొన్నవాడు తెల్లవాఱునప్పటికి రెండుకాళ్ళు బిగిసి లేవలేడు. నొప్పి యుండదు, జ్వర ముండదు. అది మఱి పెరుగదు, తగ్గదు. యాకాభాషలో దానిని కొంజో యందురు. కట్టివేయబడిన కాళ్ళని యర్థము. మెదడునుండి కాళ్ళకు ఆజ్ఞలు గొనిపోవు నాడులు చెడుటయే దీని స్వరూపము. 1981లో మొజాంబిక్ దేశపు నంపులా రాష్ట్రమున అనావృష్టివేళ వేయిమందికి మించి యీ వ్యాధి పాలైరి. అప్పుడచ్చట పనిచేయుచున్న స్వీడనుదేశపు వైద్యుడు హాన్స్ రోస్లింగ్ మొదట అంటురోగమేమోయని భయపడెను. విచారింపగా తేలినది కఱ్ఱపెండలమే.

కాంగోలో తరువాత జరిగిన పరిశోధన మఱింత కనువిప్పు. పూర్వము స్త్రీలు దుంపలను మూడు దినములు నీట నానబెట్టెడివారు. రాజధానియగు కిన్‌షాసాకు మంచి బాట పడగానే పిండికి బేరము పెరిగెను. వర్తకుని బండి వేచియుండదు. నానబెట్టుట ఒక్కదినమునకు దిగెను. చేపలు, చిక్కుళ్ళు వంటివి కూడ అమ్మకమునకే పోయెను. విషమును విఱిచివేయుటకు శరీరమునకు గావలసిన గంధకముతో గూడిన మాంసకృత్తులు అట్టి తిండిలోనే యుండును. వ్యాధి ముఖ్యముగా స్త్రీలను, పిల్లలను పట్టుకొనెను. బాట మంచిదే. కాని బాటవలన వచ్చిన లాభము నెవరు తిన్నారు, నష్టము నెవరి కాళ్ళు మోసినవి?

మన మధ్యదేశమున రేవా ప్రాంతపు కూలివారి కథయు నిట్టిదే. వారికి కూలిక్రింద కేసరిపప్పు గలిసిన ధాన్యమునే కొలిచియిచ్చెడివారు. అది తినితిని యెందఱికో కాళ్ళు బిగిసిపోయినవి. ఇథియోపియాలో ఆ పప్పే ఆ పనియే చేసినది.

ఆస్ట్రేలియాలోని హోవర్డు బ్రాడ్‌బరీ యను రసాయనశాస్త్రజ్ఞుడు తన వృద్ధాప్యములో దీనికి విరుగుడు గనిపెట్టెను. అది మందుకాదు. కఱ్ఱపెండలపు పిండిని నీటితో తడిపి, చాపపై వ్రేలెడు మందమునకు మించకుండ పలుచగా బఱచి, ఎండలో రెండుగంటలో, నీడలో ఐదుగంటలో ఉంచినచో విషము వాయువై లేచిపోవును. ఆ పిండితో మామూలుగానే సంకటి వండుకొనవచ్చును. పిండిలో విష మెంతయో చూచుటకు పసుపుపచ్చని కాగితపు ముక్క నొకదానిని గూడ ఆయన సమకూర్చెను. విషము హెచ్చినకొలది నది గోధుమరంగునకు తిరుగును. కిన్‌షాసా వైద్యుడు బనేయా మొదలగువారు 2010 తరువాత పోపొకబాక ప్రాంతపు గ్రామములందు దీనిని స్త్రీలకు నేర్పిరి. నేర్చిన గ్రామములలో క్రొత్తగా కాళ్ళు పడిపోయినవారు లేరని పరిశోధకులు తెలిపిరి. స్త్రీలు తాము నేర్చి ఊరకుండక పొరుగూళ్ళ చుట్టములకు గూడ చెప్పుకొనిరి.

ఇంతతో పని ముగిసినదని సంతసింప వీలులేదు. కాంగోలో పుట్టి, స్వీడనులో పరిశోధనపట్టము పొంది, అమెరికాలోని ఒరెగన్‌లో ఆచార్యుడైన షాలా-కటుంబే యను నాడీవైద్యుడు కిన్‌షాసావారితో సంబంధము తెంచుకొనక, కొంజోగ్రామముల పిల్లలను తోడివారితో గలిసి పరీక్షించెను. 2013లో వారు వెల్లడించిన దేమనగా, కాళ్ళు బిగిసిన పిల్లల జ్ఞాపకశక్తియు నేర్చుకొను శక్తియు తగ్గియుండుటయే కాదు. కాళ్ళు చక్కగా నున్న యా యూరి తోడి పిల్లలలో గూడ, వ్యాధి లేని ప్రాంతపు పిల్లలతో పోల్చినచో, ఆ లోపము కొంత కనబడెను. కొంజో పడినవానిని ఊరెల్ల చూచును. బడిలో పాఠము పట్టుబడని బిడ్డను సోమరియని కొట్టుదురే గాని, వానియింటి పిండి యెన్ని దినములు నానినదో యెవరు విచారింతురు? ఆ బిడ్డలను ఏండ్లతరబడి వెంబడించి చూచుటకును, తల్లులచేత ప్రతిదినమును పిండిని తడిపి పఱపించుటకును, ఊరూర తిరుగు వైద్యులును దాదులును కావలసియున్నారు.