పొగ, నిప్పు, రక్తములోని ఆనవాలు



కొండమీద పొగ కనబడిన అచ్చట నిప్పున్నదని ఊహించుట తర్కశాస్త్రమున తొలిపాఠము. పొగ హేతువు, నిప్పు సాధ్యము. మన సుశ్రుతుడు అర్బుదమనియు, లోకులు రాచపుండనియు, నేటివారు క్యాన్సరనియు పిలుచు వ్యాధి యొడలిలోపల దాగియుండును. దానికి పొగవంటి గుర్తేదైన కలదా యని వైద్యులు చిరకాలము వెదకిరి. ఆ గుర్తు కొన్ని మాంసకృత్తులలో, అనగా ప్రోటీనులలో, దొరకిన కథను నేడు విన్నవించెదను.

1845వ సంవత్సరమున లండను నగరములో నొక వర్తకుడు దుర్భరమైన యెముకల నొప్పితో మంచము పట్టెను. అతని మూత్రమున వింత పదార్థమొకటి కానవచ్చుటచే వైద్యులు దానిని హెన్రీ బెన్స్ జోన్స్ అను రసాయన నిపుణునికి పంపిరి. కోడిగ్రుడ్డు తెల్లసొన కాచిన గట్టిపడును. ఎంత మరిగించినను మరల కరగదు. ఈ పదార్థమట్లు గాదు. వెచ్చజేసిన పేరుకొనును, బాగుగ మరిగించిన కరగిపోవును, చల్లారిన మరల పేరుకొనును. రోగి 1846 జనవరి 1వ తేదీన మరణించెను. శవమును పరీక్షింపగా ప్రక్కటెముకలు మెత్తబడి, సులువుగ విరుగునట్లుండెను. ఎముకల మూలుగలో పుట్టు క్యాన్సరునకు ఆ మాంసకృత్తు ఆనవాలని పిమ్మట తేలినది. అది వ్యాధినిరోధక మాంసకృత్తులోని యొక తునక యని 1962లో ఎడెల్మన్, గాలీ యనువారు చూపువరకు దాని స్వరూపమే తెలియదు. గుర్తు ముందు దొరకెను. అర్థము నూరేండ్లు దాటిన పిదప దొరకెను.

1963లో మాస్కోయందు అబెలెవ్ ఎలుకల కాలేయపు గడ్డలలోను, 1965లో మాంట్రియలునందు గోల్డ్, ఫ్రీడ్మన్ అనువారు మనుష్యుల పెద్దప్రేగు క్యాన్సరులోను చెరియొక మాంసకృత్తును కనుగొనిరి. గర్భస్థశిశువు నందు పుట్టి, జననానంతరము దాదాపు అణగిపోవలసిన పదార్థములవి. ముసలివాని గడ్డ కడుపులోని పాప పనిని మరల మొదలుపెట్టుట! నాకిది పురాణకథలకంటె విడ్డూరముగ తోచును.

ఈ రెండవదానిని సీ.ఈ.ఏ. అందురు. శస్త్రచికిత్స చేసిన పిదప రక్తమున నిది తగ్గి, కొన్ని నెలలకు మరల పెరిగినచో వ్యాధి తిరుగబెట్టెనేమో యని వైద్యుడు జాగ్రత్తపడును. చికిత్సకు ముందే మిక్కిలి హెచ్చుగ నున్నవారికి ఆయుర్భాగము తక్కువయని గూడ లెక్కలు తేల్చినవి. అయితే మొన్న మా అచ్యుతాపురములో నొక పెద్దమనిషి రక్తపరీక్ష కాగితము చేతబట్టుకొని, తనకు క్యాన్సరే వచ్చినదని వణకుచు నాయొద్దకు వచ్చెను. అంకె కొంచెము హెచ్చుగ నున్నమాట నిజమే. ఆయన నలుబదియేండ్లుగ చుట్ట త్రాగువాడు. పొగత్రాగువారికి క్యాన్సరు లేకున్నను సీ.ఈ.ఏ. హెచ్చుగ నుండుట కద్దు. మన తార్కికులు దీనిని సవ్యభిచార హేతువందురు: నిప్పులేని చోట గూడ కనబడు పొగ. కాగితమును వైద్యునికి చూపుమని పంపితిని.

మరియొక గుర్తు కథ వేరు. 1987లో అమెరికాలో స్లామన్ ప్రభృతులు, రొమ్ము క్యాన్సరులో హెర్-2 అను జన్యువు మితిమీరియున్న స్త్రీలు తక్కువకాలము జీవించిరని ప్రకటించిరి. ఆ జన్యువు చేయు మాంసకృత్తునే పట్టి అణచు మందునకు 1998లో అనుమతి లభించెను. మృత్యువు జాడ తెలిపినదే మందునకు గురియైనది.

రోగము రాకమునుపే దాని జాడ తెలియునా? 2024లో ఆక్స్‌ఫర్డు పరిశోధకులు బ్రిటనులోని 44,000 మందికి పైబడిన వారి రక్తమున 1,463 మాంసకృత్తులను శోధించిరి. మాంసకృత్తులకును క్యాన్సరులకును నడుమ 618 సంబంధములు కానవచ్చెను. అందు 107 సంబంధములు, వ్యాధి బయటపడుటకు ఏడేండ్లకు పూర్వము తీసిన రక్తమునందే కానవచ్చినవి. ఇది పరిశోధన మాత్రమే. దీనిని చూపి ఆరోగ్యవంతులకు పరీక్షల మూట విక్రయించువారిని నేను నమ్మను.

మన తీరమున పెక్కుమంది స్త్రీలు చుట్ట నిప్పును నోటిలోపల నుంచి అడ్డపొగ త్రాగుదురు. 1971లో ప్రకటితమైన యొక పరిశీలనలో, శ్రీకాకుళము జిల్లా గ్రామస్థులు 10,169 మంది నోళ్లను చూడగా నూటికి నలుబదిమందికి పైగా అడ్డపొగవారే. ఆ వేడిమికి అంగిట పుట్టు క్యాన్సరునకు రక్తములో ఆనవాలు వెదకనక్కరలేదు. నోరు తెరపించి దీపము పట్టిన చాలును. తెల్లపొరగాని, ఎర్రమచ్చగాని, మానని పుండుగాని కనబడినచో చూపించుకొనుటకు అగనంపూడిలో టాటా స్మారక కేంద్రమువారి హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి యున్నది.