219 నుండి 42 దాకా: మా దారి కథ

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడు ఊళ్ళనూ ఒకే తాటిమీద గుచ్చిన రహదారిని గురించి నాలుగు మాటలు వ్రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. మదనపల్లె అనగానే 1919లో రవీంద్రులు ఇక్కడ జనగణమనను ఆంగ్లీకరించిన సంగతి చెబుతారు. పుంగనూరు అనగానే పొట్టి ఆవులు, కుప్పం అనగానే 1997లో వెలసిన ద్రావిడ విశ్వవిద్యాలయం గుర్తుకు వస్తాయి. వీటి నడుమనున్న దారికి చరిత్ర ఉన్నదని మాత్రం ఎవరికీ తోచదు. ఉన్నది. పైగా ఆ చరిత్ర దారి ప్రక్కనే పలకల మీద వ్రాసి ఉన్నది. చదవడమే కష్టం.

మదనపల్లెలో బయలుదేరి పుంగనూరు, పలమనేరు, వి.కోట, కుప్పం మీదుగా తమిళనాట కృష్ణగిరి చేరే ఈ దారి సుమారు 150 కిలోమీటర్లు. పూర్వం దీని సంఖ్య 219. అనంతపురం నుండి కదిరి, మదనపల్లె, పీలేరు, తిరుపతి మీదుగా మద్రాసు పోయేది 205. పలమనేరులో అడ్డంగా వచ్చేది బొంబాయి-బెంగుళూరు-మద్రాసు రహదారి, సంఖ్య 4. మా తరంవారికి ఈ మూడు సంఖ్యలూ ఎక్కాల వలె కంఠస్థం. 2010లో కేంద్రప్రభుత్వం దేశంలోని జాతీయ రహదారులన్నిటికీ క్రొత్త సంఖ్యలు వేసింది. అప్పుడు మా 219, అనంతపురం నుండి వచ్చే పాత 205 ముక్కతో కలిసి 42 అయింది. మదనపల్లె-తిరుపతి దారి 71 అయింది. పలమనేరు మీదుగా చిత్తూరు పోయేది 69 అయింది. పాత 42 ఎక్కడున్నదో తెలుసునా? ఒడిశాలో, సంబల్‌పూరు నుండి కటకం వైపు. ఇక మన పాత 4 సంఖ్య సముద్రం దాటి అండమాను దీవులకు వెళ్ళిపోయింది!

ఈ మార్పును నేను నిందించబోను. పాత సంఖ్యలలో ఒక వరుస కనిపించేది కాదు. క్రొత్తవాటిలో ఒక సూత్రమున్నది. ఉత్తరదక్షిణాలుగా పోయే దారులకు సరిసంఖ్యలు, తూర్పు నుండి పడమటికి పోనుపోను పెరుగుతాయి. తూర్పుపడమరలుగా పోయేవాటికి బేసిసంఖ్యలు, ఉత్తరం నుండి దక్షిణానికి పెరుగుతాయి. మన సీమ పటం ముందుంచుకొని చూడండి: కర్నూలు నుండి కడప, చిత్తూరుల మీదుగా రాణిపేట పోయేది 40, దానికి పడమట మా 42, ఇంకా పడమట కర్నూలు-అనంతపురం-బెంగుళూరు మార్గమైన 44. ఎంత ముచ్చటగా ఉన్నది! అయితే సూత్రమున్న చోట అపవాదముండాలి కదా. దక్షిణాన పలమనేరు దగ్గరిది 69, దానికి ఉత్తరాన మదనపల్లె దగ్గరిది 71. దేశమంత పొడవున్న దారుల లెక్క మన మూలకు వచ్చేసరికి తలక్రిందులైంది.

చిక్కంతా సంఖ్య మారడంలో లేదు, పాతది పోకముందే క్రొత్తది రావడంలో ఉన్నది. మార్పు జరిగిన తరువాత చాలా ఏళ్ళ వరకు పసుపు తల ఉన్న మైలురాళ్ళ మీద 219 అనే ఉండేది, నాలుగడుగుల దూరంలో ఆకుపచ్చ పలక మీద 42 అని ఉండేది. స్థానికునికి పలకతో పనిలేదు. పలక పరదేశి కోసం పుట్టింది. టమోటాలు వేసుకొని మదనపల్లె మండీ నుండి రాత్రివేళ బయలుదేరిన పొరుగు రాష్ట్రపు లారీ డ్రైవరు ఆ రెండు సంఖ్యలనూ చూచి, ఇవి రెండు దారులేమోనని కూడలిలో బండిని తటాలున నెమ్మది చేస్తే, వెనుక వచ్చేవాని గతి ఏమి?

ఊరిపేర్ల సంగతి మరొకటి. వెంకటగిరికోటను 'వి.కోట' అని కుదించారు. మనకు తెలుసు. తెలియనివానికి వెంకటగిరి వేరు, అది చేనేత చీరల ఊరు, ఎక్కడో తూర్పున ఉన్నది. మదనపల్లె, మదనపల్లి అనే రెండు రూపాల తగవు సరేసరి. కుప్పం దాటగానే తెలుగు లిపి పోయి తమిళం వస్తుంది, కోలారు గనుల వైపు తిరిగితే కన్నడం వస్తుంది. మూడు భాషలు ఇంట్లో మాట్లాడే కుప్పంవారికి ఇది లెక్కలోనిది కాదు గాని, అందరూ కుప్పంవారు కారు.

ఇక వరుసల మాట. ఆంగ్లంలో దీనిని లేన్ అంటారు. మన నోట అది అజంతమై 'లేను' అవుతుంది, అనగా నేను లేను అని. వరుస తప్పితే ఆ అర్థమే సిద్ధిస్తుంది. గీతలున్న దారిలో తన వరుసలోనే పోవాలని, సంకేతమిచ్చిన పిమ్మటనే వరుస మారాలని 1989 నాటి రహదారి నియమాలలోనే ఉన్నది. ప్రధాన రహదారిలోకి వచ్చి కలిసేవాడు, అప్పటికే దానిమీద పోతున్నవానికి దారి ఇవ్వాలన్నదీ అందులోనిదే. ఆ నియమాల స్థానంలో 2017లో క్రొత్తవి వచ్చాయి. 1989లో మా ప్రాంతంలో ఒక దిక్కుకు రెండు వరుసలున్న రహదారి నేను చూచి ఎరుగను. చట్టం ముందు వచ్చింది, దారి తరువాత వచ్చింది, అలవాటు ఇంకా రాలేదు.

అలవాటు లేదంటే మర్యాద లేదని కాదు. రెండు బండ్లు కష్టంగా తప్పుకొనే పాత దారిలో ఒక మర్యాద ఉండేది. లారీ డ్రైవరు కుడిచేయి కిటికీ బయటకు చాచి ముందుకూ వెనుకకూ ఊపితే 'నన్ను దాటి పో' అని అర్థం. ఇది వాళ్ళు కల్పించుకున్నది కాదు, 1989 నియమాలలో చెప్పిన చేతిసైగయే. తరువాత చేయి లోపలికి పోయి, దాని పని కుడి ఇండికేటరు దీపానికి వచ్చిందని నా ఊహ. అక్కడ వచ్చింది అనర్థం. చట్టంలో ఆ దీపానికి 'నేను కుడికి తిరుగుతున్నాను' అని అర్థం. కొందరు డ్రైవర్ల వాడుకలో 'దాటి పో' అని. మరికొందరి వాడుకలో 'ఎదుట బండి వస్తున్నది, ఆగు' అని. నానార్థాలు కావ్యానికి శోభ కావచ్చు గాని, ఒక దీపానికి పరస్పర విరుద్ధములైన మూడర్థాలుంటే వెనుకవాడు ఏ నిఘంటువు చూచుకోవాలి? ముందు దీపాలు మిణికించడమూ అంతే. ఇంగ్లండులో సాధారణంగా 'మీరు ముందు పోండి' అనడానికి మిణికిస్తారు. మన దగ్గర 'నేను వస్తున్నాను, నీవు ఆగు' అనడానికి.

ఈ పాత మర్యాద పెద్ద దారిని మొదట ఎదుర్కొన్నది కృష్ణగిరిలో. 1999లో తలపెట్టిన స్వర్ణచతుర్భుజిలో చెన్నై-బెంగుళూరు భాగం చిత్తూరు, పలమనేరుల మీదుగా ఉన్న పాత 4వ సంఖ్య దారిని రాణిపేట వద్దనే విడిచిపెట్టి వేలూరు, కృష్ణగిరి, హోసూరుల మీదుగా పోయింది. చిత్తూరు జిల్లాను తప్పించి పోయింది. అందుచేత కుప్పం నుండి దిగిన బండి అంతదాకా ఇరుకు దారిలో నడిచి, కృష్ణగిరిలో ఒక్కసారిగా 44, 48 సంఖ్యల మహాప్రవాహంలో కలవాలి. తెలుగు సంధిలో ముందున్న అచ్చు లోపించి, వెనుక వచ్చిన అచ్చు నిలుస్తుంది: రాముడు, ఇతడు కలిస్తే రాముడితడు. రహదారి సంధికి సూత్రం దీనికి విపర్యయం. ముందునుండి ఉన్నవాడు నిలవాలి, వచ్చి చేరేవాడు తగ్గాలి. మనవాళ్ళు మాత్రం వ్యాకరణాన్నే పాటిస్తున్నారు! జర్మనీలో ఒక వరుస ముగిసి ప్రక్క వరుసలో కలిసే చోట జిప్పు పళ్ళ వలె ఒకటి విడిచి ఒకటి కలవాలని చట్టంలోనే వ్రాసుకున్నారు. మనకు ఆ సంధి నేటికీ వైకల్పికమే.

పలకలను చక్కదిద్దుకోవడం అసాధ్యమేమీ కాదు. ఇంగ్లండులో తొలి మోటారుమార్గం 1958లో ప్రెస్టన్ వద్ద తెరిచినప్పుడు, వేగంగా పోయేవాడు పాత పలకలను చదవలేడని గ్రహించి జాక్ కిన్నీర్, మార్గరెట్ కాల్వర్ట్ అనే ఇద్దరిచేత క్రొత్త అక్షరాలు గీయించారు. తరువాత వర్‌బాయిస్ సంఘం సిఫారసుపై 1965 నుండి మిగిలిన దారులన్నిటికీ ఆ పద్ధతి తెచ్చారు. అక్షరం అందంగా ఉన్నదా అని మాత్రమే చూడలేదు, ఎంత దూరం నుండి చదవవచ్చునో కొలిచి చూచారు. మన తెలుగు గుణింతాలకు, వత్తులకు అటువంటి కొలత మరింత అవసరం. 'ప', 'వ' అక్షరాలు ఎనభై కిలోమీటర్ల వేగంలో ఒకటిగానే కనిపిస్తాయి.

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణాశాఖ లెక్క. వారిలో 36 శాతం జాతీయ రహదారుల మీదనే. మొత్తం రోడ్ల పొడవులో ఆ రహదారుల వాటా దాదాపు 2 శాతం మాత్రమే.

అదే సంవత్సరం మే నెలలో బెంగుళూరు-చెన్నై ఎక్స్‌ప్రెస్ మార్గానికి శంకుస్థాపన జరిగింది. స్వర్ణచతుర్భుజి తప్పించి పోయిన మన జిల్లాకే, వి.కోట, పలమనేరుల ప్రాంతం మీదుగా ఈ మార్గం వస్తున్నది. ఇక కలయిక నేర్చుకోవడానికి కృష్ణగిరి దాకా పోనక్కరలేదు. ఆ మార్గంలోకి ఎక్కే చోట్లలో పలకలు నాటే ఇంజనీర్లకు నా విన్నపం ఒక్కటే: ఊరిపేరు 'వెంకటగిరికోట' అని పూర్తిగా, మూడు లిపులలోను, మలుపు వచ్చాక కాక మలుపుకు చాలినంత ముందుగా వ్రాయండి. పాత సంఖ్య ఉన్న రాయి ప్రక్కనే ఉంటే, ముందు దానిని తీసివేయించండి.