భారతదేశంలో టెలివిజన్ - సామాజిక మార్పు

భారతదేశంలో టెలివిజన్ ప్రసారాలు 1959 సెప్టెంబర్ 15న ఢిల్లీలో ప్రయోగాత్మకంగా ప్రారంభమయ్యాయి. గ్రామీణులకు వ్యవసాయం, ఆరోగ్యం, చదువు నేర్పే సాధనంగా ప్రభుత్వం దీనిని తలపెట్టింది. అయితే తరువాతి దశాబ్దాలలో ఆ పాఠాల కంటె ధారావాహికలు, పురాణ గాథలు, సినిమా పాటలు, క్రికెట్ ప్రజాజీవనంపై ఎక్కువ ప్రభావం చూపాయి. ఆ ప్రభావం అన్నివేళలా ప్రభుత్వం గానీ రచయితలు గానీ ఆశించిన దిశలో సాగలేదు.

బోధనా సాధనంగా టెలివిజన్

తొలినాళ్ళలో టెలివిజన్ ఆకాశవాణిలో ఒక విభాగంగా ఉండేది. 1967 జనవరి 26న ఢిల్లీ పరిసర గ్రామాల రైతుల కోసం "కృషి దర్శన్" మొదలైంది. 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఇస్రో, నాసా కలిసి ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం (సైట్) నిర్వహించాయి. ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సా, బీహార్, మధ్య ప్రదేశ్, రాజస్థాన్ రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలలో ఊరుమ్మడి టెలివిజన్లు ఏర్పాటు చేశారు. తీగవలతో చేసిన యాంటెన్నాలు నేరుగా ఉపగ్రహం నుండి సంకేతాలను అందుకునేవి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు ఉండేవి. ప్రసార భాషలలో తెలుగు ఒకటి. ఏడాది గడువు ముగియగానే నాసా తన ఉపగ్రహాన్ని వెనక్కు మరల్చుకున్నది. 1976లోనే దూరదర్శన్ ఆకాశవాణి నుండి విడివడింది, వాణిజ్య ప్రకటనలూ ఆ ఏడే మొదలయ్యాయి.

జాతీయ ప్రసారాలు, ధారావాహికలు

1982లో రంగుల ప్రసారాలు, ఢిల్లీ నుండి దేశమంతటికీ జాతీయ కార్యక్రమం ప్రారంభమయ్యాయి. అదే ఏడాది ఢిల్లీలో జరిగిన ఆసియా క్రీడలు టెలివిజన్ వ్యాప్తికి దోహదం చేశాయి.

1984 జూలైలో మొదలైన "హమ్ లోగ్" మొదటి హిందీ ధారావాహికగా పేరుపొందింది. మెక్సికోలో కుటుంబ నియంత్రణ ప్రచారానికి ఉపయోగపడిన ధారావాహికల స్ఫూర్తితో దీనిని రూపొందించారు. మనోహర్ శ్యామ్ జోషి రచయిత. ప్రతి భాగం చివర నటుడు అశోక్ కుమార్ ప్రేక్షకులతో మాట్లాడేవాడు. తొలి భాగాలలోని కుటుంబ నియంత్రణ బోధ ప్రేక్షకులకు రుచించకపోవడంతో దానిని తగ్గించి, కుటుంబ కథకు ప్రాధాన్యమిచ్చారు. అణగిమణగి ఉండే తల్లి భాగవంతి పాత్రను, స్త్రీలు అలా ఉండరాదని చూపడానికి సృష్టించారు. కానీ చాలామంది ప్రేక్షకులు ఆమెనే ఆదర్శ గృహిణిగా భావించినట్లు అర్వింద్ సింఘాల్, ఎవరెట్ రోజర్స్ పరిశోధనలో తేలింది. ఈ ధారావాహికను ప్రాయోజితం చేసిన మాగీ నూడుల్స్ మాత్రం మధ్యతరగతి వంటింట్లో స్థిరపడింది.

రామానంద్ సాగర్ "రామాయణ్" (1987-88), బి.ఆర్.చోప్రా "మహాభారత్" (1988-90) ప్రసారమయ్యే ఆదివారం ఉదయాలలో వీధులు నిర్మానుష్యమయ్యేవి. కొందరు టెలివిజన్ పెట్టెకు పూలమాల వేసి హారతి ఇచ్చేవారు. ఉత్తరకాండ లేకుండానే రామాయణ్ ముగుస్తున్నదని తెలిసి, 1988లో ఉత్తర భారతంలో వాల్మీకి వర్గానికి చెందిన పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. తరువాత ఉత్తరకాండ కథ కూడా ప్రసారమైంది. ఈ ధారావాహికలకూ ఆనాటి హిందూత్వ రాజకీయాల ఎదుగుదలకూ గల సంబంధాన్ని అర్వింద్ రాజగోపాల్ తన 2001 నాటి గ్రంథంలో చర్చించాడు.

ఉపగ్రహ ఛానెళ్ళు

1991లో స్టార్ టీవీ, 1992లో జీ టీవీ రాకతో దూరదర్శన్ గుత్తాధిపత్యం ముగిసింది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని 1995 ఫిబ్రవరిలో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. దేశమంతా ఒకే కార్యక్రమం చూసే రోజులు పోయి, ఎవరి భాషలో వారు చూసుకునే కాలం వచ్చింది.

తెలుగు ప్రాంతాలలో

హైదరాబాదు దూరదర్శన్ కేంద్రం 1977లో ప్రారంభమైంది. సినిమా పాటల కార్యక్రమం "చిత్రలహరి" విశేష ఆదరణ పొందింది. అప్పట్లో టెలివిజన్ లేనివారు పొరుగింటికి వెళ్ళి చూసేవారు. 1995లో జెమిని టీవీ, ఈటీవీ ప్రారంభమయ్యాక తెలుగు ధారావాహికలు నిత్యజీవితంలో భాగమయ్యాయి. 2010వ దశకంలో వీ6 ఛానెల్ "తీన్మార్ వార్తలు" తెలంగాణ యాసకు వార్తాప్రసారంలో గౌరవస్థానం కల్పించింది. 2014లో రాష్ట్ర విభజన తరువాత దూరదర్శన్ తెలుగు ప్రసారాలు కూడా తెలంగాణకు యాదగిరి, ఆంధ్ర ప్రదేశ్‌కు సప్తగిరి ఛానెళ్ళుగా విడిపోయాయి.

అధ్యయనాలు, విమర్శలు

దూరదర్శన్ కార్యక్రమాలపై నియమించిన పి.సి.జోషి సంఘం 1980లలోనే నగరాలవైపు, ముఖ్యంగా ఢిల్లీవైపు మొగ్గును విమర్శించింది. పల్లెల కోసం పుట్టిన మాధ్యమం కొనుగోలుదారుల మాధ్యమంగా మారుతున్నదని ఆ విమర్శల సారాంశం.

రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ 2009లో ప్రచురించిన అధ్యయనం మరో కోణాన్ని చూపింది. కేబుల్ టీవీ వచ్చిన గ్రామాలలో భార్యను కొట్టడం సమంజసమనే అభిప్రాయం, మగబిడ్డే కావాలనే కోరిక తగ్గాయని, కాన్పులు కూడా తగ్గాయని వారు గుర్తించారు. పట్టణ కుటుంబాల కథలలో స్త్రీల జీవితాన్ని చూడడం ఇందుకు ఒక కారణం కావచ్చునని భావించారు. అయితే వైఖరులకు సంబంధించిన ఫలితాలు సర్వేలో ప్రజలు చెప్పిన జవాబులపై ఆధారపడినవి. మాటకూ ఆచరణకూ తేడా ఉండవచ్చు.

2020 మార్చిలో లాక్‌డౌన్ సమయంలో దూరదర్శన్ రామాయణ్‌ను పునఃప్రసారం చేసింది. అప్పటికి ఇంటింటా అనేక ఛానెళ్ళు, చేతిలో మొబైల్ ఫోన్లు ఉన్నా, ఆ ధారావాహిక మళ్ళీ పెద్దసంఖ్యలో ప్రేక్షకులను ఆకట్టుకున్నది.

ఇవి కూడా చూడండి

దూరదర్శన్
ఆకాశవాణి
ప్రసార భారతి
తెలుగు సినిమా