కొన్నదెవరు, కట్టిందెవరు?

ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ సింహాసనం వంటి ఆసనంతో ఒక రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌ను తయారు చేయించారు. అది చేతికి అందకముందే 1911లో కన్నుమూశారు. ఆ కారు నేడు హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో ప్రదర్శనవస్తువు. అధికారం లండన్‌ది, ఆడంబరం నిజాముది. ఖజానా నిండింది మాత్రం చాలావరకు రైతు కట్టిన శిస్తుతో. 1971లో 26వ రాజ్యాంగ సవరణ రాజభరణాలను రద్దు చేయడంతో సంస్థానాధీశుల వైభవానికి తెరపడింది.

ఆ దశకంలోనే బ్రిటన్ కార్ల పరిశ్రమ కూడా కుదేలైంది. జాగ్వార్ మాతృసంస్థ బ్రిటిష్ లేలాండ్‌ను 1975లో ప్రభుత్వమే తన చేతిలోకి తీసుకోవలసి వచ్చింది. థాచర్ ప్రభుత్వం 1984లో జాగ్వార్‌ను ప్రైవేటుపరం చేసింది. 1989లో ఫోర్డ్ దానిని కొన్నది. 2008లో టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకు జాగ్వార్‌ను, ల్యాండ్ రోవర్‌ను కలిపి సొంతం చేసుకున్నది.

వలస పాలనకు ఇది తగిన జవాబని చాలామంది మురిసిపోయారు. అయితే ఆ కొనుగోలు 300 కోట్ల డాలర్ల స్వల్పకాలిక రుణం మీద నిలిచింది. నెలలు తిరగకముందే ప్రపంచ మాంద్యం ముంచుకొచ్చి, కంపెనీ భారీ నష్టాల పాలైంది. తరువాత కోలుకున్నది నిజమే. కానీ ఆ గండం గడిచేవరకూ భారం మోసింది బ్యాంకులు, వాటాదారులు, కార్మికులు.

ఎవరి సొమ్ముతో అని అడిగే హక్కు నిజాం ప్రజలకు లేదు. గణతంత్రంలో ఆ హక్కు ఉంది. విజయోత్సవాల హోరులో దానిని మరచిపోకూడదు.