కుంగిన కమాన్లు



బోధన్ మాట ఎత్తగానే చరిత్ర చదివినవారికి అశ్మక జనపదపు రాజధాని పోదన నగరం స్ఫురిస్తుంది. మా తరం ఇందూరు వాసులకు మొదట స్ఫురించేది చెరకు వాసన. నేడు నేను వ్రాయదలచినది మాత్రం అంబాసిడరు కారు వెనుక ఎత్తును సరిచేసే విద్యను గురించి. తెలుగు పండితునికి ఈ గొడవ దేనికని నవ్వుకోకండి. అది తెలియకనే ఒకనాడు ప్రాణం మీదికి తెచ్చుకున్నాను.

మంజీరపై 1923లో ఆరంభించి 1931లో ముగించిన నిజాంసాగర్ ఆనకట్ట ఈ సీమకు కాలువనీరు తెచ్చింది. దాని నిర్మాణ సూత్రధారి నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. నీటి వెంట చెరకు, చెరకు వెంట 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం చక్కెర కర్మాగారం వచ్చాయి. నా బాల్యంలో చెరకు ఆసాముల వాకిళ్లలో అంబాసిడర్లు కనిపించేవి. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాతో హిందుస్తాన్ మోటార్స్ వారు ఉత్తర్‌పారాలో 1957 మొదలు 2014 దాకా దానిని తయారుచేశారు. ముందు చక్రాల బరువును మెలితిరిగే ఉక్కు కడ్డీలు మోస్తాయి. వెనుక బరువును కమాన్లు మోస్తాయి.

కమాను పారసీక పదం. విల్లు అని అర్థం. వంచిన ఉక్కు పట్టీలను పొడవు నుండి పొట్టికి వరుసగా పేర్చి, నడుమ ఒక్క బోల్టుతో బిగిస్తే కమాను. 1804లో ఇంగ్లండులో ఒబాడయా ఎలియట్ గుర్రపు బండ్లకు దీర్ఘవృత్తాకారపు కమాన్లను అమర్చాడు. మోటారు బండి పుట్టినప్పుడు ఆ వారసత్వమే దానికీ దక్కింది.

మా మామగారి అంబాసిడరు నాకు సంక్రమించేనాటికి దాని కమాన్లు వంపు కోల్పోయి ఉన్నాయి. ఆయన దానిని కారుగా కన్న బండిగానే ఎక్కువ వాడుకున్నారు; ఎరువు బస్తాలు, బెల్లం దిమ్మలు అన్నీ డిక్కీలోనే. 1990ల తొలినాళ్లలో ఒక రాత్రి, డిక్కీ నిండా బియ్యం బస్తాలతో, వెనుక సీటులో మా అమ్మతో బోధన్ నుండి ఇందూరు వస్తున్నాను. వెనుక కుంగితే ముందు లేస్తుంది కదా! దీపాల వెలుగు చెట్ల కొమ్మల మీద పడుతున్నది. రోడ్డు చీకటి. వెనుక దీపం లేని చెరకు బండి దాదాపు దగ్గరికి వచ్చాక కనబడింది. బ్రేకు తొక్కాను. నాలుగు మూరల దూరంలో కారు ఆగింది. ముందు సీటుకు తగిలి అమ్మ నుదురు వాచింది. బండి తోలే ఆయనకు జరిగినదేమీ తెలియనే లేదు.

మరునాడు ఒక ముసలి మిస్త్రీ వద్దకు వెళ్లి, "చాచా, ఇంకో పట్టీ వేసి ఎత్తండి" అన్నాను.

"పట్టీ ఏస్తే లేస్తది సారూ. గని బండి మొండి అయితది. గతుకుల్ల అమ్మ నడుం పోతది," అన్నాడాయన.

సమతలంపై కారును నిలిపి, చక్రం నడిమి నుండి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలిచాడు. ఎడమ వైపు మరింత కుంగి ఉంది. శరీరానికి ఆనింపులు పెట్టి కమాన్లు విప్పాడు. విరిగిన పట్టీ ఒకటి బయటపడింది. దానిని మార్చి, మిగిలిన పట్టీలను కొలిమిలో పెట్టక చల్లగానే సుత్తితో కొట్టి వంపు తెచ్చాడు. ఎర్రగా కాల్చిన ఉక్కుకు నూనెలో ముంచి మళ్లీ పదును పెట్టకపోతే అది త్వరలోనే కుంగుతుందట. పట్టీల మధ్య గ్రాఫైటు గ్రీజు పూశాడు. చివరల రబ్బరు బుష్‌ల బోల్టులను మాత్రం కారు నేలమీద తన బరువుతో నిలిచాకనే బిగించాడు. గాలిలో ఉండగా బిగిస్తే రబ్బరు మెలిపడి చినుగుతుందన్నాడు. ఆఖరున సాయంత్రం దాకా ఉంచి, గోడ మీద వెలుగు పడే చోటు చూసి దీపాలు సరిచేశాడు.

తూనికతో సాగే ఉక్కు గుణాన్ని రాబర్ట్ హుక్ 1678లో సూత్రంగా ప్రకటించాడు. ఆ సూత్రం మిస్త్రీ చేతికి తెలుసు. వ్యాకరణం ముప్పై ఏళ్లు బోధించిన నాకు ఆనాడు ఒకటి బోధపడింది: కుంగినదానికి బలం చేర్చడం వేరు, వంపును తిరిగి తేవడం వేరు.

2014లో అంబాసిడర్ల తయారీ ఆగింది. 2015లో చక్కెర కర్మాగారం పని ఆగింది. మిస్త్రీ అంతకు మునుపే వెళ్లిపోయాడు. ఆ కారు మా పెరట్లో ఉంది. వెనుక ఎత్తు రెండు వైపులా ఇప్పటికీ సమానమే. మొన్న కొలిచి చూశాను.

మీ ప్రాంతాల్లో ఈ పట్టీలను ఏమని పిలుస్తారో తెలియజేయగలరు.